ఇరవై రెండు సెకన్లు

"వెర్నా, నా జీవితం రెండు పేజీలు టైపు కొట్టి పెట్టు. శుక్రవారానికల్లా కావాలి."

క్లేటన్ హాస్క్ ఈ మాట అన్నప్పుడు వెర్నా ఇంట్లో, చర్చి ప్రభు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఇస్త్రీ చేస్తోంది. ఆ గుడ్డకు మధ్యలో మడత పడకూడదు. తడి ఆరకముందే, తిరగేసి, అంచుల నుంచి లోపలికి ఇస్త్రీ చెయ్యాలి. పదిహేడేళ్ళుగా నెలలో ఒక వారం ఆ పని ఆమెది. ఆదివారం ఆ గుడ్డ వైపు ఎవరూ చూడరు. మడత ఉంటేనే చూస్తారు. గుడ్డ అయ్యాక క్లేటన్ చొక్కాలు ఆరున్నాయి.

బయట మూడు రోజులుగా ఎడారి గాలి వీస్తోంది. అక్టోబరు వచ్చిందంటే లాస్ ఏంజెలస్‌లో ఈ గాలి తప్పదు. తలుపులు ఊరికే కొట్టుకుంటాయి, ముట్టుకున్న ప్రతి ఇనుప పిడీ చురుక్కుమంటుంది, నెమ్మదైన మనుషులు కూడా కారణం లేకుండా విసుక్కుంటారు. ఈ మూడు రోజులూ వెర్నా కాలుకాలిన పిల్లిలా గదుల్లో తిరుగుతూనే ఉంది. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానా అనిపిస్తుంది.

"నీ జీవితమా? రెండు పేజీలా?" అంది.

"ఒకటిన్నర అయినా ఫర్వాలేదు. దర్శకుల సంఘం వాళ్ళు నాకు విందు ఇస్తున్నారు కదా, అక్కడ పంచే పుస్తకంలో వేస్తారట. పుట్టడం, డేరా నాటకాలు, ఇక్కడికి రావడం, సినిమాలు. రైల్వే సినిమా గురించి కాస్త ఎక్కువ రాయి. ఆ షాట్ గురించే అందరూ అడుగుతారు."

"ఆ షాట్ గురించి ఏమని రాయను?"

"నీకు తెలియనిదేముంది?" అని టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "నీలం చొక్కా కాలరుకు గంజి గట్టిగా పట్టించు. నిన్న మెత్తగా ఉంది."

అతను వెళ్ళాక ఆమె వంటింటి బల్ల మీద టైపు మిషను పెట్టుకుంది. క్లేటన్ ఉత్తరాలు, స్క్రిప్టుల మార్పులు, అభిమానులకు జవాబులు, అన్నీ ఆ మిషను మీదే పుట్టాయి. కింద సంతకం మాత్రం అతనిది.

"క్లేటన్ హాస్క్ 1897లో నెబ్రాస్కాలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు." అది తేలిక. "ఇరవై రెండో ఏట ఊరూరా తిరిగే నాటక బృందంలో చేరి, త్వరలోనే కథానాయక పాత్రలకు ఎదిగారు." అది కూడా నిజమే. కాకపోతే అతనికి గొంతు ఉంది, ఒడ్డూ పొడుగూ ఉంది, జ్ఞాపకశక్తి మాత్రం లేదు. డేరాలో, తెర పక్కన చెక్కపెట్టె మీద కూర్చుని, నటులు మరిచిపోయిన మాటలు మెల్లగా అందించే పని వెర్నాది. ఆమెకు జీతం ఇచ్చిన మొదటి పని అదే, ఆఖరిదీ అదే. మూడో అంకం వచ్చేసరికి క్లేటన్ ఠక్కున ఆగి పెట్టె వైపు చూసేవాడు. ఆ చూపుకే ఆమె పడిపోయింది. ఒక అందమైన మనిషి వందలమంది ముందు నిలబడి, నీ ముఖంలో తన తర్వాతి మాట వెతుక్కుంటే, ఇరవై ఏళ్ళ పిల్ల దాన్ని ప్రేమ అనుకోకుండా ఎలా ఉంటుంది? పెళ్ళైన కొత్తలో అత్తగారు అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "మాటలు అందిస్తే కడుపు నిండదమ్మాయ్. వాడికి మాంసం మెత్తగా ఉడకాలి."

"సినిమాకు మాట వచ్చిన ఏడాది హాలీవుడ్ చేరారు. 1934 నుంచి తన చిత్రాల్లో తానే నటిస్తూ తానే దర్శకత్వం వహిస్తూ వచ్చారు."

ఇక్కడ ఆమె వేళ్ళు ఆగాయి. తానే నటిస్తూ, తానే దర్శకత్వం వహిస్తూ. చదవడానికి ఎంత నున్నగా ఉంది! కానీ కెమెరా ముందు నిలబడ్డవాడు తనని తాను ఎలా చూసుకుంటాడని ఈ పాతికేళ్ళలో ఒక్కరూ ఎందుకు అడగలేదు? అద్దంలోనా?

కెమెరా పక్కన ఒక పొట్టి స్టూలు ఉంటుంది. దాని మీద వెర్నా ఊలు అల్లుకుంటూ కూర్చుంటుంది. ఆమె అల్లుతూనే ఉంటే సన్నివేశం బాగా నడుస్తున్నట్టు. సూదులు రెండూ ఒళ్ళో పెడితే ఇక చాలని అర్థం. అప్పుడు క్లేటన్ "కట్" అంటాడు. ఆ వెంటనే ఆమె కళ్ళజోడు తీస్తే ఆ షాట్ మళ్ళీ తీయాలి. ఈ సంగతి వాళ్ళిద్దరికీ తెలుసు, కెమెరా పట్టే ముసలి లూడ్‌కు తెలుసు. మిగిలినవాళ్ళకు ఆమె అదృష్టం కోసం తెచ్చుకున్న బొమ్మ లాంటిది. ఒక పత్రికలో ఫొటో కూడా వేశారు, స్టూలు మీద ఆమె, కాళ్ళ దగ్గర సూపు ఫ్లాస్కు. "భర్త కీర్తికి నీడలో కూర్చుని స్వెట్టరు అల్లే ఇల్లాలు" అని కింద రాశారు. ఆ స్వెట్టరు ఒక్కసారైనా పూర్తయిందా అని ఆ రాసినవాడూ అడగలేదు. కళ్ళు భర్త ముఖం మీద ఉంటే చేతిలో కుట్లు తప్పుతాయి. షూటింగు అయ్యాక ఇంటికొచ్చి అంతా విప్పేస్తుంది. మర్నాడు మళ్ళీ మొదటి వరస. క్లేటన్ కొలతకే.

ఆ తర్వాత రాయాల్సింది రైల్వే సినిమా. ఆమె కాగితం మిషనులోనే వదిలేసి చొక్కాల దగ్గరికి వెళ్ళింది.

సాయంత్రం ఫోను మోగింది. స్టూడియో ప్రచార విభాగంలో పనిచేసే జెర్విస్.

"మిసెస్ హాస్క్, రైల్వే షాట్ దగ్గర ఒక మంచి మాట పడాలండీ. ఆ ఇరవై రెండు సెకన్లు ఆయన మనసులో ఏం నడిచిందో."

"ఏం నడిచిందని రాయమంటారు?"

"వాళ్ళ నాన్నమ్మ అంత్యక్రియలు కదండీ! ప్రతి ఇంటర్వ్యూలోనూ చెప్తారు."

"ఆవిడ పోయేనాటికి ఆయనకు రెండేళ్ళు."

"అయితే ఇంకా గొప్ప కదండీ!" అన్నాడు.

ఫోను పెట్టేశాక ఆమె నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అది 1938. సినిమాలో క్లేటన్ రైల్వే కేబిన్‌లో సిగ్నళ్ళు వేసే మనిషి. భార్యను పాతిపెట్టి ఇంటికొస్తాడు. టోపీ తీసి మేకుకు తగిలించి, కిటికీ వైపు తిరుగుతాడు. అక్కడితో షాట్ అయిపోవాలి. ఆనాడు వెర్నా అల్లుతున్నది పసుపుపచ్చని చిన్న టోపీ. పెళ్ళైన పద్నాలుగేళ్ళకు ఐదో నెల. పొద్దుటి నుంచి నడుములో నొప్పి. "ఇవాళ రాలేను" అంటే, "ఒక్క షాటే కదా, కూర్చునే పనే కదా" అన్నాడు. కూర్చునే పనే. లైట్లు వేసి కెమెరా తిరగడం మొదలయ్యాక స్టూలు మీద తడి తగిలింది. ఆమె చప్పుడు చెయ్యకుండా లేచి, కేబుళ్ళ మీద అడుగు పడకుండా చూసుకుంటూ, వెనక దుస్తుల గదిలోకి వెళ్ళింది. అంత నొప్పిలోనూ మైకులో తన అడుగుల చప్పుడు పడకూడదనే ఆలోచన! దేవుడా, మనిషికి అదేం బుద్ధి?

క్లేటన్ కిటికీ వైపు తిరిగాడు. సూదుల కోసం చూశాడు. స్టూలు ఖాళీ. ఎడమవైపు చూశాడు, కుడివైపు చూశాడు. పెదవి వణికింది. మేకుకున్న టోపీ తీసి తలమీద పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. దాంతో ఏం చెయ్యాలో తోచక గుండెకు ఆనించి పట్టుకున్నాడు. ఎవరూ కట్ అనలేదు కనుక లూడ్ కెమెరా ఆపలేదు. దుస్తుల గది నుంచి ఒకామె "మిసెస్ హాస్క్ పడిపోయారు!" అని పరిగెత్తుకొచ్చేదాకా రీలు తిరుగుతూనే ఉంది. ఆ అరుపుకు ముందున్న ఇరవై రెండు సెకన్లు సినిమాలో ఉంచారు. అమెరికా అంతా ఏడ్చింది. ఒంటరితనం అంటే ఏమిటో ఒక్క నటుడు మాట లేకుండా చెప్పాడని పత్రికలు రాశాయి.

ఆసుపత్రికి అతను తెల్లపూలు తెచ్చాడు. మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుని, "షాట్ అద్భుతంగా వచ్చింది వెర్నా," అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ కడుపు పండలేదు. "దేవుడు వాడికి సినిమాలిచ్చాడు. అన్నీ ఎలా ఇస్తాడు?" అంది అత్తగారు, వెర్నా కాఫీ పోస్తుండగా, ఆమె వినడం లేదన్నట్టు.

అయినా వెర్నా అతన్ని క్షమించింది. అతనికి తెలీదు, అనుకుంది. ఆ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో అతనికే తెలీదు. నిజంగానే నటించాననుకుంటున్నాడు, అందుకే నాన్నమ్మ కథ కల్పించుకున్నాడు. తెలియని మనిషి మీద కోపం ఏముంటుంది? ఇరవై ఒక్క ఏళ్ళుగా రోజూ ప్రార్థనలో ఆ మాట చెప్పుకుంటూ వచ్చింది. ప్రభువా, ఆయనకు తెలీదు.

గురువారం ఆమె యథాప్రకారం స్టూడియోకు వెళ్ళింది. కొత్త సినిమాలో క్లేటన్ ముసలి బడిపంతులు. ఆఖరి సన్నివేశంలో ఖాళీ ఇంట్లోకి వచ్చి చుట్టూ చూడాలి. స్టూడియో వాళ్ళకు కావాల్సింది ఆ రైల్వే చూపే. ఐదేళ్ళుగా అతని సినిమా ఒక్కటీ ఆడలేదు. ఈ చూపు కోసమే ఈ సినిమాకు ఒప్పుకున్నారు. పొద్దుటి నుంచి పదకొండుసార్లు తీశారు. పదకొండుసార్లూ వెర్నా కళ్ళజోడు తీసింది.

మధ్యాహ్నం లూడ్ శాండ్‌విచ్ పట్టుకుని ఆమె పక్కన చతికిలబడ్డాడు. అతనికి డెబ్భై దగ్గర పడింది, మోకాళ్ళు టకటకమంటాయి.

"మిసెస్ హెచ్, ఒక మాట చెప్తాను, కోప్పడకండి. లెన్సులోంచి నాకు కనిపించేది కడుపు నిండినవాడి చూపు."

"అంటే?"

"చూడగానే మీరున్నారు. ఉన్నారని ఆయనకు ముందే తెలుసు. ఇంక ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది?" అని శాండ్‌విచ్ కొరికాడు. "నేను కెమెరావాణ్ణి, నాకెందుకులెండి."

కొంచెం దూరంలో, మేకప్ కుర్చీలో క్లేటన్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ మాట వినబడిందో లేదో ఆమెకు తెలియలేదు. ఇంటికొచ్చి ఆనాటి అల్లికంతా విప్పి ఉండ చుట్టింది. టైపు మిషనులో కాగితం అలాగే ఉంది, "1938లో" అన్న మాట దగ్గర.

శుక్రవారం ఉదయం గాలి ఇంకా ఆగలేదు. గుడ్లు వేపి పళ్ళెంలో పెడుతుంటే క్లేటన్ గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ నువ్వొక పని చెయ్యాలి."

"కాగితమేనా? సగం అయింది."

"అది కాదు. ఇవాళ స్టూలు మీద కూర్చో. మామూలుగానే కూర్చో. కెమెరా తిరుగుతుండగా, నేను అటు తిరిగి ఉన్నప్పుడు లేచి వెళ్ళిపో. ఎప్పుడు లేస్తావో నాకు ముందు చెప్పకు."

ఆమె చేతిలో పెనం ఉంది. దాన్ని పొయ్యి మీద పెట్టింది.

"ఎందుకు?"

"ఎందుకేమిటి? అప్పుడు అలాగే వచ్చింది కదా."

"నీకు తెలుసా?"

"ఏం తెలుసా?"

"ఆ రోజు ఎందుకలా చూశావో."

"తెలీకపోవడమేంటి వెర్నా?" అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "చూసింది నేను కదా. తిరిగేసరికి నువ్వు లేవు. నా గుండె జారిపోయింది. ఏదో అయిందని అప్పుడే అనుకున్నాను."

"మరి కట్ అనలేదేం?"

క్లేటన్ ఫోర్కుతో గుడ్డును అటూ ఇటూ జరిపాడు. "షాట్ నడుస్తోంది కదా," అన్నాడు చివరికి. "బాగా వస్తోందని లోపల తెలుస్తోంది. అలాంటిది మళ్ళీ వస్తుందా?"

"మరి నాన్నమ్మ?"

"అది పేపర్లవాళ్ళకి." లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. అతని గొంతు ఇప్పటికీ బాగుంటుంది. మెత్తగా మాట్లాడితే ఎవరూ కాదనలేరు. "నా తల్లివి కదూ. ఈ ఒక్కసారికే. ఈసారి నీకు ఒంట్లో బాగానే ఉంది కదా."

అతను స్నానానికి వెళ్ళాడు. నీళ్ళ చప్పుడు మొదలైంది. వెర్నా సింకు అంచు పట్టుకుని నిలబడింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. వచ్చిందల్లా ఒక అర్థంలేని తొందర. ఇల్లంతా ఏదో వెతకాలన్నట్టు, ఏం వెతకాలో తెలియనట్టు. అతను నిలబడ్డాడు. భార్యకు ఏదో అయిందని తెలిసి, టోపీ తీసి, పెట్టుకుని, మళ్ళీ తీసి, పెదవి వణుకుతుంటే ఆ వణుకు ఎంత బాగుందో చూసుకుంటూ నిలబడ్డాడు. ఇరవై రెండు సెకన్లు. దుస్తుల గదికి పరిగెత్తాలంటే పది చాలు. ఆ కొద్ది సెకన్ల తేడాతో బిడ్డ బతికేదా? బతికేది కాదని డాక్టరే చెప్పాడు. వెర్నా అడుగుతున్నది బిడ్డ సంగతి కాదు. తెలియక చేసినవాణ్ణి క్షమించమని చిన్నప్పటి నుంచీ విన్నది. తెలిసి, ఇరవై ఒక్క ఏళ్ళు ఆ చూపును అమ్ముకుని, ఇప్పుడు మళ్ళీ అదే కావాలన్నవాణ్ణి ఏం చెయ్యాలో ఏ ఆదివారమూ పాస్టరు గారు చెప్పలేదు. చెప్పలేదా, తనే వినలేదా? గుడ్డ మీద మడత ఉందేమోనని చూస్తూ కూర్చుందా?

ప్రభువా, ఆయనకు తెలుసు, అంది మనసులో. మీకూ తెలుసా?

ఆ తర్వాత టైపు మిషను ముందు కూర్చుంది. "1938లో" తర్వాత వేళ్ళు ఎక్కడా ఆగలేదు. "తీసిన రైల్వే చిత్రంలోని ప్రసిద్ధమైన చూపు నటన కాదు. కెమెరా పక్కన కూర్చుని ఆయన నటనను ప్రతి చిత్రంలోనూ సరిదిద్దిన ఆయన భార్య, గర్భస్రావమై లేచి వెళ్ళినందువల్ల, ఆమె కోసం చూసిన చూపు అది. ఆమెకు ఏదో అయిందని తెలిసినా, షాట్ బాగా వస్తోందని ఆయన ఆపలేదు." ఒకసారి చదువుకుంది. "ప్రసిద్ధమైన" అన్న మాట అక్కర్లేదనిపించింది కానీ కొట్టెయ్యలేదు. నిజమే కదా, ప్రసిద్ధమైనదే. మడిచి కవరులో పెట్టింది.

స్టూడియో గేటు దగ్గర జెర్విస్ ఎదురొచ్చాడు. "అయిందా అండీ? ప్రెస్సువాళ్ళు ప్రాణం తీస్తున్నారు!" కారులోంచే ఆమె కవరు అందించింది.

"బాగా రాసిందా?" అన్నాడు క్లేటన్, స్టీరింగు వదలకుండానే కిటికీలోంచి నవ్వుతూ.

"మిసెస్ హాస్క్ రాస్తే నేను చదవను కూడా సార్, నేరుగా అచ్చుకే," అన్నాడు జెర్విస్.

లోపల లైట్లు వేశారు. ఖాళీ ఇల్లు, దుమ్ము పట్టిన బెంచీ, గోడకు నల్లబల్ల. వెర్నా స్టూలు మీద కూర్చుని సంచీలోంచి ఊలు తీసింది. మొదటి వరస వేసుకునేటప్పుడు రోజూ కన్నా తక్కువ కుట్లు వేసుకుంది. ఆ తేడా ఎవరికీ తెలియదు. అది ఆమె భుజాల కొలత.

క్లేటన్ గుమ్మం దగ్గర నిలబడి ఆమె వైపు చూసి చిన్నగా తలాడించాడు. "యాక్షన్," అన్నాడు తనకు తానే.

బడిపంతులు లోపలికి వచ్చాడు. బెంచీ మీద చెయ్యి వేశాడు. నల్లబల్ల వైపు తిరిగాడు, వీపు ఇటు. లేవాల్సిన సమయం అదే. వెర్నా లేవలేదు. ఉన్నన్ని కుట్లూ లెక్కపెట్టుకుంటూ, ఒక్కొక్కటీ సూది మీంచి సూదికి ఎక్కిస్తూ అల్లుతోంది. పాతికేళ్ళలో మొదటిసారి కుట్టు తప్పలేదు. నిజంగా చూస్తూ అల్లితే అల్లిక ఎంత తేలిక!

పంతులు వెనక్కి తిరిగాడు. స్టూలు ఖాళీగా ఉంటుందనుకున్నాడు. లేదు, ఆమె ఉంది. సూదుల వైపు చూశాడు. అవి కదులుతున్నాయి, అంటే నడవనివ్వాలి. నడవనిచ్చాడు. కిటికీ దాకా వెళ్ళాడు, వచ్చాడు. బెంచీ మీద కూర్చున్నాడు, లేచాడు. సూదులు ఆగలేదు. స్క్రిప్టులో ఉన్నదంతా అయిపోయింది, లేనిదీ అయిపోయింది. లైట్ల కింద అతని గంజి కాలరు చెమటకు మెత్తబడింది. ఎవరో దగ్గబోయి నోరు మూసుకున్నారు. ఎవరూ కట్ అనలేదు కనుక లూడ్ కెమెరా ఆపలేదు. చివరికి రీలే అయిపోయింది. ఫిలిం కొస లోపల టపటపా కొట్టుకుని ఆగింది.

"సార్, రీలు అయిపోయింది," అన్నాడు లూడ్, లెన్సు నుంచి కన్ను తీస్తూ. "ఇది ఉంచుదామా, మళ్ళీ తీద్దామా?"

అందరూ క్లేటన్ వైపు చూశారు. క్లేటన్ స్టూలు వైపు చూశాడు.

"వెర్నా," అన్నాడు. డేరాలో మూడో అంకంలో మాట మరిచిపోయిన గొంతు అది. "ఎలా వచ్చింది?"

ఆమె వరస చివరిదాకా అల్లింది. సూది చేయి మార్చుకుంది. అప్పుడు తలెత్తింది.

"తెలీదు క్లే. నేను చూడలేదు."